పన్నెండో నిబంధన

2007 మార్చిలో నన్ను జూలూరుపాడు క్యాంపుకు ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి నేను సీనియర్ జియాలజిస్టును. మా ప్రయోగశాలకు అప్పగించిన పని చెప్పడానికి చిన్నది. ఒక విదేశీ యంత్రనౌక మరో గ్రహం చుట్టూ తిరిగే చందమామ మీద దిగి, అక్కడి మట్టిని తీసుకుని భూమికి తిరిగి రావాలి. దాని తవ్వుడు చెయ్యిని ముందుగా పరీక్షించడానికి, ఆ మట్టిని పోలిన పొడిని మేము తయారు చేసి ఇవ్వాలి.

ఏన్కూరు వైపు దొరికే నల్లరాయిని పగలగొట్టి, మరలో నలిపి, మూడు జల్లెడలు పట్టేవాళ్లం. ఆ పొడిని ఒక రోజంతా ఓవెన్‌లో ఆరబెట్టి, షెడ్డులో ట్రేల మీద చల్లార్చి, డబ్బాల్లో సీలు వేసేవాళ్లం. గాలీ నీరూ లేని చోటి మట్టికి బదులు వాడేది కాబట్టి అందులో తేమ అసలే ఉండకూడదు. పనివాళ్ల కోసం పదకొండు నిబంధనలు రాసి, సంతకం చేసి గోడకు అంటించాను. మొదటి రోజే అందరికీ చదివి వినిపించాను.

నాలుగో విడత పొడి పరీక్షలో యంత్రం చెయ్యికి ముద్దగా అతుక్కుపోయింది. విడత మొత్తం తిప్పి పంపారు. మూడు వారాలు వృథా. నా నోటుబుక్కు ముందేసుకుని ఒక్కో దశా సరిచూశాను. మరలో లోపం లేదు, ఓవెన్‌లో లేదు. మర్నాడు తెల్లవారగానే షెడ్డు దగ్గర నిలబడ్డాను. దినకూలీ మరియమ్మ బకెట్టుతో వచ్చి, ట్రేల చుట్టూ నేలంతా కల్లాపి చల్లి, చీపురు అందుకుంది. నేను కేకేసి ఆపాను.

“ఎండలు ముదిరినంక దుమ్ము లేస్తున్నది గద సారూ! నీళ్లు సల్లకుంట ఎట్ల ఊడుస్తరు?”

ట్రేల మీద పడిన తుంపరలు చూపించి విషయం చెప్పాను.

“గిన్ని సుక్కలకే గంత పెద్ద మిషన్ ఆగిందా? అయితే చందమామ మీద వాకిలి ఊడ్సెటోళ్లే లేరన్నట్టు!”

గోడ మీది కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాను. నీళ్లు చల్లకూడదని అందులో ఎక్కడా లేదు. ఆ రోజే పన్నెండో నిబంధన చేర్చి, తేదీతో సహా నోటుబుక్కులో ఎక్కించాను. తర్వాతి విడతలన్నీ పరీక్షలో నెగ్గాయి.

నాలుగేళ్లకు నౌక బయలుదేరింది. భూమి కక్ష్య దాటించవలసిన ఇంజను వెలగలేదు. కొన్ని వారాలు భూమి చుట్టూ తిరిగి సముద్రంలో పడిపోయింది. మేము అంత శ్రమపడి పరీక్షింపజేసిన చెయ్యి ఒక్కసారైనా తెరుచుకోలేదు.

ఆ తర్వాత మా కార్యాలయంలో మా వంతు పని మీద సమీక్ష పెట్టారు. డిప్యూటీ డైరెక్టరు గారి ముసాయిదాలో మా జాప్యానికి కారణం “దినకూలీ నిర్లక్ష్యం” అని ఉంది. మరియమ్మ పేరును కూలీల హాజరుపట్టీ, అంటే మస్టర్ నుంచి తొలగించాలన్న సిఫారసు కూడా ఉంది. ఆమె ఇంకా మా క్యాంపులోనే పని చేస్తోంది. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. ఇంజను వెలగనందుకు పెట్టిన సమీక్షలో జూలూరుపాడులో చీపురు పట్టిన మనిషిని బాధ్యురాలిని చేయడం చూసి నాకు ఒళ్లు మండింది. నోటుబుక్కు తెరిచి, పదకొండు నిబంధనలూ, పన్నెండోది చేర్చిన తేదీ సమావేశంలో చదివాను. బాధ్యుడిగా నా పేరు రాయమన్నాను.

“రిటైరుమెంటు ముందు సర్వీసు బుక్కు ఎందుకండీ పాడుచేసుకుంటారు? ఎలాగూ అది సముద్రంలో పడింది కదా,” అన్నారాయన.

“పడింది నౌక, సార్. ఈ ముసాయిదా ఫైల్లో ఉంటుంది,” అన్నాను.

లిఖితపూర్వకంగా ఇమ్మన్నారు. అక్కడే రాసి, సంతకం చేసి ఇచ్చాను. నాకు మందలింపు మెమో వచ్చింది. సిఫారసు రద్దయింది.

సంగతి తెలిసి మరియమ్మ, “సల్లింది నేనైతే మీకెందుకు సారూ కాయితం?” అని నిలదీసింది. చల్లవద్దని చెప్పవలసింది నేనే కాబట్టి అని అన్నాను. ఆమె “అవ్, గదీ నిజమే” అని పనిలోకి వెళ్లింది.

నేను నేర్చుకున్నది ఇది. నమూనాలో తేమ ఉండకూడదని జియాలజిస్టుకు తెలుసు. ఊడ్చే ముందు నీళ్లు చల్లాలని ఊడ్చేవారికి తెలుసు. రెండోది ముందుగా అడిగి తెలుసుకుని నిబంధనల్లో రాయడం సంతకం చేసే అధికారి పని. రాయకపోతే, ఆ తప్పు అతని పేరు మీదే నమోదు కావాలి.