అవ్వ దోనెలో కుక్కిన గోనెపట్ట

మొన్న మా స్లాబు మీద, వాననీళ్ల పైపు నోట్లో పావురాలు పోగేసిన పుల్లలు తీస్తుంటే పక్కింటాయన కింద నుంచి అడిగాడు, "ఏమప్పా, ఆకాశంలో వాన మోడం కూడా లేదే, ఎవరికి ఈ మర్యాద?" వానలు అరుదైన మా కళ్యాణదుర్గంలో ఆ మాట న్యాయమే. నవ్వి ఇంకో పిడికెడు పుల్లలు తీశాను. చేయి పైపులోనే ఉంది గానీ మనసు బెళుగుప్ప దగ్గరి మా పాత మట్టిమిద్దె మీదికి పోయింది.

ఆ మిద్దె మీది నీళ్లు పోవడానికి ఒకటే దారి, వీధి వైపుకు చాచిన రాతి దోనె. కింది గదిలో విత్తనం శనక్కాయల మూటలు. అవి చెడితే ఆ ఏడు మాకు సేద్యం లేదు. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, విత్తనపు కాయలు మిద్దె మీద ఎండబోసి, అవి దొర్లి వీధిలో పడకుండా దోనె నోట్లో గోనెపట్ట కుక్కింది. కాయలు దింపాక పట్ట సంగతి మరిచిపోయింది. వరసగా వానలు ఎగ్గొట్టిన ఊళ్లో దోనె ఎందుకుందో మాత్రం ఎవరికి గుర్తుంటుంది?

ఒక సాయంత్రం విత్తే వాన రానే వచ్చింది. ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. అవ్వ కొంగు కప్పుకుని, ఇంటింటి దోనె నుంచీ పడే ధారను పెండ్లికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తూ వచ్చి మా ఇంటి ముందు ఆగిపోయింది. మా దోనెలో ధార లేదు.

"మన దోనె పారలేదేమిరా?" అని నాయనను అడిగింది. మరుక్షణం తనే, "అయ్యో, పట్ట నేనే పెట్టినా" అంది.

నాయన నిచ్చెనెక్కి, మడమలు మునిగే నీళ్లలో నిలబడి పట్ట లాగాడు. ఆ నీళ్లన్నీ కింద ఉన్న అవ్వ మీదే పడ్డాయి. ఆమె పక్కకు జరగలేదు. అప్పటికే లోపల మిద్దె ఉరిసి మూటల మీద నీళ్లు కారుతున్నాయి. ఇరుగుపొరుగూ మేమూ కలిసి మూటలు వసారాలోకి మోసినా, తడిసినవి తడిసి బూజు పట్టాయి. విత్తనం చాలక సగం చేను బీడుపడింది. వాన రాక బీడుపడ్డ చేన్లు ఎన్నో చూసిన ఆ ఊళ్లో, వాన వచ్చి బీడుపడింది మాదొక్కటే. నాయన మాత్రం, "పోనీలేమ్మా, వానైతే వచ్చింది గదా" అన్నాడు. ఆయనంటే నాకు ఎంతో ఇష్టం కలిగిన రోజు అది.

ఆ తర్వాత అవ్వ ఏటా ఉగాది కాగానే నిచ్చెనెక్కి దోనెలో చేయి పెట్టి చూసేది, కరువు ఏళ్లలో కూడా. ఎవరైనా ఎగతాళి చేస్తే, "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసునప్పా. వచ్చినప్పుడు నీళ్లు పోను దావ ఉండల్ల" అనేది. ఆమె చనిపోయిన ఏడు వాన రాలేదు. దోనె మాత్రం శుభ్రంగా ఉంది.

ఇప్పుడా మిద్దె లేదు, నాకూ అవ్వ వయసు దగ్గరపడుతోంది. ఆమె కాలంలో మంచి వాన కురిసిన ఏళ్ల కంటే దాని దారి ఊడ్చిన ఏళ్లే ఎక్కువ. నా కాలమూ అట్లాగే గడుస్తోంది, అందుకు నాకు బాధేమీ లేదు.