రోగుల్ని దొరలన్న వీరుల రాయి

ఈ ప్రయాణం నేను కోరుకున్నది కాదు. కెనడాలోని నార్త్ యార్క్‌లో మా అమ్మాయి విమల ఇంటికి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో చర్చి చూశాను, కూరగాయల కొట్లు చూశాను, అందరూ చూసే ఆ జలపాతం చూశాను. అవి చాలనుకున్నాను. అక్టోబరు సెలవులకి మనవరాలు షారన్ రైలు టికెట్లు తీసుకొచ్చి నా ముందు పెట్టింది.

“అమ్మమ్మా, క్యుబెక్ వెళ్దాం. జెరూసలేములో హాస్పిటల్ పెట్టిన నైట్స్, ఆ పాతకాలం వీరులు, ఉన్నారు కదా, వాళ్ల క్రాస్ చెక్కిన రాయి అక్కడ ఒక గోడలో ఉంది.”

టికెట్లు వెనక్కిస్తే డబ్బు ఇవ్వరా అని అడిగాను. ఇవ్వరట. అందుకని బయలుదేరాను.

శనివారం పొద్దున్న ఆరూ నలభైకి టొరంటోలో రైలెక్కాం. నాలుగింటికే లేచి పులిహోర, చపాతీలు, పెరుగన్నం మూడు డబ్బాల్లో, ఊరమిరపకాయలు కాగితంలో సర్దాను. రైల్లో టీ అమ్ముతారు గానీ ఆ ధర విన్నాక నా ఫ్లాస్కు మూత నేనే తీసుకున్నాను. మీరు వెళితే ఎడమ వైపు కిటికీ అడగకండి. సముద్రమంత సరస్సు, ఎర్రటి ఆకులు, అన్నీ కుడివైపే కనిపిస్తాయి.

షారన్‌కి పంతొమ్మిదేళ్లు. కాలేజీలో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. దారిపొడుగునా ఆ వీరుల కథ చెప్పింది. తొమ్మిది వందల ఏళ్ల కిందట యాత్రికులు జెరూసలేము వెళ్లి రోగాలతో పడిపోతుంటే, కొందరు సన్యాసులు అక్కడ ఆసుపత్రి నడిపారు. దానికి యోహాను గారి పేరు పెట్టారు. మొదటి పెద్ద ఏ ఊరివాడో ఈనాటికీ తేలలేదట. నల్ల అంగీ మీద ఎనిమిది కొసల తెల్ల సిలువ వాళ్ల గుర్తు. కొన్నేళ్లకి దారిలో యాత్రికుల్ని కాపాడాలని కత్తులు పట్టారు, గుర్రాలెక్కారు, కోటలు కట్టారు, రాజులంతటి వాళ్లయ్యారు.

“మంచాల దగ్గరున్నవాళ్లు కత్తులెప్పుడు పట్టారు?” అన్నాను.

“అదే మిస్టరీ అమ్మమ్మా. ఎగ్జాక్ట్‌గా ఎవరికీ తెలీదు.”

తొమ్మిదిన్నరకి ముందు సీటులో గొడవయింది. నాలుగేళ్ల పాపకి ముక్కులోంచి రక్తం కారుతోంది. తండ్రి కంగారుగా పాప తల వెనక్కి వంచుతున్నాడు. “అయ్యో, ఏం జెయ్యాలె ఇప్పుడు!” అన్న మాట వినపడగానే షారన్ లేచింది. “అంకుల్, మా అమ్మమ్మ నర్స్!”

నేను వెళ్లి పాప తల ముందుకి వంచాను. ముక్కు మెత్తటి భాగం రెండు వేళ్లతో నొక్కి, నోటితో గాలి పీల్చమని, కదలకుండా పది నిమిషాలు పట్టుకున్నాను. రక్తం ఆగింది. ఆయన పేరు కిరణ్, కరీంనగర్ నుంచి వచ్చి టొరంటోలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. మాంట్రియల్‌లో అక్క ఇంటికి వెళ్తున్నారట.

“మస్తు భయమైంది ఆంటీ. నర్సమ్మ ఉండబట్టి బతికినం” అన్నాడు.

నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం నాకు అలవాటే. నేను ఐదో తరగతి వరకే చదివాను. మా ఊరి మిషను ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేశాను. రోగుల మలమూత్రాల బెడ్‌పాన్లు కడిగాను, వార్డులు తుడిచాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో చర్చిలో ఒకావిడ “ఆంటీ, అక్కడ ఏం చేసేవారు?” అంటే “ఆసుపత్రిలో చేశాను” అన్నాను. “ఓ, నర్సా!” అందావిడ. నేను మాట్లాడలేదు. మరో ఆదివారం నర్సులందరినీ లేపి తలొక పువ్వు ఇచ్చారు. నేనూ లేచాను. విమల నా వైపు చూసింది. ఇంటికి వచ్చాక తనూ అడగలేదు, నేనూ చెప్పలేదు. షారన్‌కి మాత్రం అమ్మమ్మ నర్సు అనే తెలుసు.

సీటుకి వచ్చాక షారన్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అటే చూస్తూ అంది.

“అమ్మమ్మా, నేను నర్సింగ్ డ్రాప్ చేస్తున్నా. మంగళవారం ఫారం సబ్మిట్ చేయాలి. మమ్మీకి చెప్పొద్దు, ప్లీజ్.”

“ఎందుకు?”

“హాస్పిటల్ ట్రైనింగ్ ప్లేస్‌మెంట్‌లో ఒక తాతగారిని క్లీన్ చేయమన్నారు. సగంలో బయటికొచ్చి వామిట్ చేసుకున్నా. ఆయన ఏడ్చారు. నువ్వు నర్స్ కాబట్టి నేనూ అవ్వాలనుకున్నా. ఐ కాంట్ బి యూ.”

మందలించడానికి నోరు తెరిచాను. ఈ పిల్ల రెండేళ్ల చదువు నా పువ్వు మీద నిలబడి ఉందని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం మాంట్రియల్‌లో రైలు మారాలి. గంట పైన టైముంది. స్టేషన్లో బల్ల మీద పులిహోర తిన్నాం. షారన్ సగం వదిలేస్తే అది కూడా నేనే తిన్నాను. నాలుగున్నరకి క్యుబెక్‌లో దిగాం. బస ఒకప్పుడు సిస్టర్లు ఆసుపత్రి నడిపిన పాత మఠంలో. ఇప్పుడు గదులు అద్దెకిస్తున్నారు. ఇరుకు మంచం, దళసరి గోడ, తెల్లటి దుప్పటి. హోటళ్ల కంటే తక్కువే పడింది. స్నానాల గది మాత్రం వరండా చివర ఉంది, పెద్దవాళ్లు చూసుకోండి.

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి టిఫిను. అక్కడ ఎవరూ మాట్లాడకూడదట, సిస్టర్ల కాలం నాటి పద్ధతి. నాకు బాగా నచ్చింది. షారన్ రొట్టెకి వెన్న రాసి వదిలేయబోతే కళ్లెర్ర చేశాను. నోరు తెరవకుండానే తినేసింది.

తొమ్మిదింటికి కిందనున్న మ్యూజియంలోకి వెళ్లాం. మందు సీసాలు, కత్తెరలు, జపమాలలు. చివరి గాజు పెట్టెలో, పైన దీపం పెట్టి, ఒక తగరపు బెడ్‌పాన్.

షారన్ చీటీ చదవబోయింది. “అమ్మమ్మా, ఇది మంచం మీద...”

“తెలుసు” అన్నాను.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ముప్పై ఏళ్లు అలాంటివి గుడ్డ కప్పి, గోడవారగా, ఎవరికీ ఎదురు పడకుండా మోసుకెళ్లాను. వీళ్లు దానికి దీపం పెట్టారు. షారన్ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

తర్వాత కింది పేట చూడ్డానికి దిగాం. అక్కణ్ణుంచి కొండ మీదికి మనుషుల్ని మోసే పెట్టె ఒకటి ఉంది. దానికి టికెట్టు. పక్కనే మెట్లున్నాయి, వాటికి లేదు. అరవై తొమ్మిదేళ్ల దాన్ని నాలుగు చోట్ల ఆగి ఎక్కాను. పైన కోటలాంటి పెద్ద హోటలు. దాని లోపలి వాకిట్లోకి వెళ్లే కమాను పైన ఉంది ఆ రాయి. ఇంత చిన్నదా అనిపించింది. ఎనిమిది కొసల సిలువ, కింద 1647. అప్పటి గవర్నరు ఆ వీరుల్లో ఒకడట. వాళ్లు ఇక్కడ కూడా ఇల్లు కట్టాలనుకున్నారని కొందరంటారు, లేదు అది గవర్నరు సొంత గుర్తేనని కొందరంటారు.

షారన్ మెడ ఎత్తి చూస్తూ చెప్పింది. “వాళ్లు సిక్ పీపుల్‌ని ‘మా దొరలు’ అనేవాళ్లు, అమ్మమ్మా. తర్వాత మాల్టా దీవికి చేరాక వెండి ప్లేట్లలో ఫుడ్ పెట్టేవాళ్లు. పెద్ద పెద్ద ఫ్యామిలీల నైట్స్ కూడా వార్డులో టర్న్ తీసుకుని సర్వ్ చేసేవాళ్లు.”

మా ఆసుపత్రిలో దొరగారంటే డాక్టరు. దొరసానమ్మంటే పెద్ద నర్సు. రోగిని ఆ మాటతో పిలిచినవాళ్లున్నారని అప్పుడే విన్నాను. ఇక ఆగలేకపోయాను.

“షారన్, నేను నర్సుని కాదే. ఆయాని. సూది మందు ఏనాడూ వెయ్యలేదు. ఆ గాజు పెట్టెలో చూశావే, అది కడిగే పని నాది. చర్చిలో అబద్ధానికి లేచి నిలబడ్డాను. నా అబద్ధం నమ్మి చదువులో చేరావు. మానేస్తానంటే మానేయ్. మీ అమ్మకి నేను చెప్తాను.”

షారన్ నన్నే చూస్తోంది. కోపమో ఏడుపో తెలియలేదు.

“ముప్పై ఏళ్లు? రోజూ?”

“ఆదివారాలు కూడా.”

“నీకు వామిట్ రాలేదా?”

“మొదటి నెలంతా వచ్చింది. అన్నం మానేశాను. సుందరమ్మ అని పెద్ద ఆయా ఉండేది. ‘కంపు చూస్తే కంపే ఉంటుంది, మనిషి మొహం చూడవే మొద్దూ’ అని తిట్టేది.”

అక్కడే బల్ల మీద కూర్చుని, చల్లగాలిలో, సుందరమ్మ నేర్పినదంతా చెప్పాను. చలికాలం బెడ్‌పాన్ వేడినీళ్లతో తొలిచి, తుడిచి పెట్టాలి. దుప్పటి అవసరమైనంతే తీయాలి. నోటితో గాలి పీల్చాలి. ముందు పేరు పెట్టి పిలవాలి. తర్వాత వాళ్ల ఊరి గురించి అడగాలి. పని అయ్యేదాకా ఆ మాట తెగనీయకూడదు.

“ఆ తాతగారి పేరేంటి?” అన్నాను.

షారన్ తల దించుకుంది. “అడగలేదు అమ్మమ్మా.”

నా భుజం మీద తల పెట్టి, “ఇప్పుడు ఆ కత్తుల మిస్టరీకి ఆన్సర్ చెప్పు” అంది.

“మిస్టరీ ఏముందే. కత్తి పట్టాక వాళ్ల పేర్లన్నీ రాసి ఉంటారు. మంచాల కింద ఎత్తిపోసినన్నాళ్లూ ఎవరు రాస్తారు?”

గట్టిగా నవ్వింది. అక్కడున్న ఫ్రెంచి ముసలాయన ఎందుకో తనూ నవ్వి టోపీ ఎత్తాడు.

సోమవారం తిరుగు ప్రయాణం. మాంట్రియల్ నుంచి రైలు కదిలాక ఎవరో “నర్సమ్మా!” అని కేకేశారు. కిరణే. పాప బొమ్మ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. “మా అక్కకి గూడ చెప్పిన ఆంటీ, రైల్ల నర్సమ్మ దేవతలెక్క దొరికిందని!”

షారన్ నా వైపు చూసింది. విమల ఆ ఆదివారం చూసినట్టే చూసింది.

“నర్సుని కాదు బాబూ” అన్నాను. “ఆయాని. వార్డు ఆయాని.”

కిరణ్ చెయ్యి ఊపేశాడు. “ఏదైతేంది ఆంటీ, రక్తమైతే ఆగింది గదా!” అని పక్కన కూలబడ్డాడు. మిగిలిన ఊరమిరపకాయలు అతనికే పెట్టాను.

కింగ్‌స్టన్ స్టేషన్ దాటాక షారన్ ఫోన్‌లో తన టీచరుకి ఏదో రాసి, నాకు తెలుగులో చదివి వినిపించింది. ఫారం పంపడం లేదు. అదే వార్డులో ఇంకొక్క షిఫ్టు ఇమ్మని అడిగింది. ఇస్తారో లేదో తెలియదు. ఇచ్చినా నిలుస్తుందో లేదో తెలియదు. నేనూ ఏ మాటా తీసుకోలేదు.

వెళ్లేవాళ్లకి చెప్పేది ఇంతే. దళసరి సాక్సులు తీసుకెళ్లండి, మెట్లే ఎక్కండి. రాయి పైన ఉంటుంది, తల ఎత్తి చూడండి. బెడ్‌పాన్ కింద ఉంటుంది, దాన్నీ అంతసేపు చూడండి.

ఆరున్నరకి టొరంటోలో దిగాం. విమల కారు దగ్గర నిలబడి ఉంది. షారన్ నా సంచీ అందుకుని నా చెవిలో, “ముందు నువ్వు, తర్వాత నేను” అంది. కారు తలుపు తీయకముందే, “విమలా, చర్చిలో నేను తీసుకున్న ఆ పువ్వు సంగతి...” అని నేను మొదలుపెట్టాను.