ఆర్కిటిక్ రాయికి మార్టూరు పాలిష్

నిశ్చితార్థానికి అందరూ ఉంగరం తీసుకెళ్తారు. నేను ఉంగరంతోపాటు ఒక రాయి కూడా తీసుకెళ్లాను.

అమ్మాయి భూగర్భశాస్త్రం చదివింది. అందుకని ఆర్కిటిక్‌లో పరిశోధన చేసే స్నేహితుణ్ణి బతిమాలి, కోట్ల ఏళ్ల కిందట సముద్రపు బురద పొరలుగా గట్టిపడి కొండైన చోట రాలిన సున్నపురాయి ముక్క తెప్పించాను. దాని మీద చుట్టలు తిరిగిన శంఖం అచ్చు ఉంది. ముందురోజే వాళ్ల ఊరు మార్టూరు వెళ్లి, పెట్టెలో పెట్టి దాచమని కాబోయే మామగారికిచ్చాను. ఆయనది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. ఆ సంగతి నాకప్పుడు గుర్తు రావాల్సింది.

మర్నాడు అందరి ముందూ పెట్టె తెరిస్తే రాయి అద్దంలా మెరుస్తోంది. శంఖం లేదు.

“పైన మచ్చుంది బాబూ. మచ్చున్న రాయి మా దగ్గర ఎవరూ కొనరు. మిషన్ మీద పెట్టి తీయించేశా,” అన్నారు మామగారు ప్రేమగా.

అమ్మాయి రాయిని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి తిప్పి చూసింది. ఈ పెళ్లి ఇక్కడితో సరి అనుకున్నాను.

“నాన్నా! ఒక శంఖం తీసేస్తే కింద ఇంకో రెండు తేలాయి! వాటి లోపలి గదులు కూడా కనిపిస్తున్నాయి!” అని పకపకా నవ్వింది.

ఆ రాయి ఇప్పుడు మా హాల్లో ఉంది. మామగారు వచ్చినప్పుడల్లా, “ఇంకొక్కసారి మిషన్ మీద పెడితే ఆ రెండూ పోతాయి అల్లుడుగారూ,” అంటారు.

నన్ను మాత్రం ఉన్న మచ్చలతోనే తీసుకున్నారు.