'మందు తాగాను' అన్న మాటకు పట్టిన నాలుగు గంటలు

అమెరికాలోని ఇర్వింగ్‌లో నేను పనిచేసిన ఆస్పత్రి సేఫ్టీ కమిటీకి ఈ సంగతి మూడుసార్లు రాశాను. మొదటి ఉత్తరానికి 'అందింది' అని కంప్యూటర్ జవాబిచ్చింది. తరువాతి రెండింటికి కంప్యూటర్ కూడా నోరు విప్పలేదు. రిటైరైన మనిషి మాటకు విలువ తగ్గుతుందంటారు. నా మాటకు ఉద్యోగంలో ఉన్నప్పుడే లేదు కనుక ఆ బెంగ నాకు లేదు. వాళ్ళు చదవలేదు. మీరు చదవండి.

కోవిడ్‌కు ముందటి శీతాకాలం. అప్పటికి పదకొండేళ్ళుగా నేను ఎమర్జెన్సీ విభాగంలో క్లినికల్ ఫార్మసిస్టుని. ఫార్మసిస్టంటే కౌంటర్ వెనక మాత్రలు లెక్కపెట్టేవాడని మన చుట్టాలు కూడా అనుకుంటారు. ఎమర్జెన్సీలో మేం రోగి మంచం దగ్గరే ఉంటాం. డాక్టర్ రాసిన మోతాదు సరిచూస్తాం. విషం కేసు వస్తే ఏ విరుగుడు, ఎంత, ఎన్ని గంటలు ఎక్కించాలి అన్నది చెబుతాం. చెప్పడం వరకే మా పని. ఆర్డర్ రాసే అధికారం డాక్టర్‌ది. ఆ విభాగం సీనియర్ డాక్టర్‌ను ఇక్కడ కెల్లర్ అంటాను, అసలు పేరు అది కాదు. ఆయన పదకొండేళ్ళలో ఒక్కసారీ నన్ను పేరుపెట్టి పిలవలేదు. "ఫార్మసీ" అనేవాడు. నా పేరు బ్యాడ్జీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది.

ఒక మధ్యాహ్నం రెండింటికి అంబులెన్స్‌లో ఒకావిడను తెచ్చారు. ఆవిడనూ పేరు మార్చి సువార్తమ్మ అంటాను. అరవై దాటిన మనిషి, కాకినాడ వైపు నుంచి కూతురింటికి వచ్చింది. ఉదయం నుంచి వాంతులు, కుడి డొక్కలో నొప్పి. కూతురు గ్రేస్ లాస్ కోలినాస్ అనే పేటలో ఆఫీసులో ఉంది. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు అంబులెన్స్ పిలిచారు. సువార్తమ్మకు ఇంగ్లీషు రాదు. ఆస్పత్రి నియమం ప్రకారం నర్సు ఫోన్‌లో తెలుగు దుబాసీని పిలిచి స్పీకర్‌లో పెట్టింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ప్రతి ముక్కా విన్నాను.

"ఏం తీసుకున్నారమ్మా?"

"మందు తాగాను బాబూ."

"ఎంత తాగారు?"

"రెండు మూతలు. మొన్నట్నుంచి తాగుతూనే ఉన్నా."

దుబాసీ దీన్ని ఇంగ్లీషులోకి మార్చాడు: పేషెంట్ పురుగుమందు తాగింది, రెండు మూతలు. అంతే. 'మొన్నట్నుంచి' గాలిలో కలిసిపోయింది.

మన పల్లెల్లో ఆడమనిషి మందు తాగిందంటే ఒక అర్థం. మగవాడు మందు తాగాడంటే ఇంకో అర్థం. దగ్గు పట్టిన పెద్దావిడ మందు తాగానంటే మూడో అర్థం. ఏ మందమ్మా అని అడగడానికి ఆ దుబాసీకి రెండు సెకన్లు పట్టేది. ఆయనకు అంత తీరిక లేదు. మూత కొలతతో మొన్నటి నుంచి ఎవరైనా పురుగుమందు తాగుతారా అని ఒక్కరైనా ఆలోచించారా? ఆలోచించడానికి చార్టులో గడి లేదు.

నేను వెంటనే కెల్లర్‌తో చెప్పాను. ఆవిడ పురుగుమందు అనలేదు, మందు అంది, అది సిరప్ కావచ్చు అన్నాను. నీకు ఇంటర్‌ప్రెటర్ సర్టిఫికెట్ ఉందా అని అడిగాడు. లేదన్నాను. "అయితే అది చార్టులోకి ఎక్కదు, ఫార్మసీ." సర్టిఫికెట్ ఉన్న తప్పు చార్టులోకి ఎక్కింది. సర్టిఫికెట్ లేని ఒప్పు గుమ్మం దగ్గర నిలబడింది.

పురుగుమందు కేసుకు ఒక పద్ధతి ఉంది. బట్టలు తీసేసి, ఒళ్ళంతా కడిగి, అట్రోపిన్ అనే విరుగుడు సిద్ధం చేయాలి. ఆ చలిలో సువార్తమ్మను షవర్ కింద నిలబెట్టారు. నిజంగా పురుగుమందు తాగితే కంటిపాపలు సూదిమొనలంత అవుతాయి, చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి. ఆవిడ పాపలు మామూలుగా ఉన్నాయి, నోరు ఎండిపోయి ఉంది. నేను అట్రోపిన్ సిరంజిలోకి తీసి, పాపలు ఒకసారి చూడమన్నాను. కెల్లర్ చూశాడు, అట్రోపిన్ ఇవ్వలేదు. అయినా పురుగుమందు అన్న మాట చార్టులోనే ఉంది. ఆత్మహత్యా ప్రయత్నం అని రాసి, మంచం పక్కన కాపలాకు ఒక మనిషిని కూర్చోబెట్టారు.

రక్తపరీక్షలు మూడున్నరకు వచ్చాయి. ఎసిటమినోఫెన్ అనే నొప్పుల మందు కొంచెం కనిపించింది. లివర్ ఎంజైములు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. ఎసిటమినోఫెన్ ఎక్కువ మింగినవారికి విరుగుడు ఇవ్వాలా వద్దా తేల్చడానికి ఒక గ్రాఫ్ ఉంటుంది. అడ్డంగా, మింగాక గడిచిన గంటలు; నిలువుగా, రక్తంలో ఉన్న మోతాదు. గీత పైన పడితే విరుగుడు, కింద పడితే అక్కర్లేదు. కెల్లర్ ఆ గ్రాఫ్ చూపించి, గీత కిందే ఉంది, లివర్ దెబ్బ పురుగుమందుది అన్నాడు. ఆ గ్రాఫ్ ఒకేసారి, తెలిసిన వేళకు మింగినవారికే పనికొస్తుంది. రోజుల తరబడి మింగినవారికి పనికిరాదు. అది రెండో ఏడాది విద్యార్థికి తెలుసు.

అప్పుడు నేను నియమం తప్పాను. కుర్చీ లాక్కుని సువార్తమ్మతో తెలుగులో మాట్లాడాను.

"అమ్మా, చనిపోదామని ఏమైనా తాగారా?"

"చావడమేంటి బాబూ! ఆదివారం మా మనవరాలి బాప్తిస్మం. పట్టుచీర ఇస్త్రీ చేయించా. ఈ తెల్లావిడ నన్ను కాపలా కాస్తంది, దేనికి? నేనేం దొంగతనం చేశానా?"

"మరి తాగిన మందు?"

"జలుబు మందు. మోకాళ్ళకు మన ఇండియా బిళ్ళలు. అవి చాలక అమ్మాయి తెచ్చిన అమెరికా బిళ్ళలు."

అంతలో గ్రేస్ పరుగున వచ్చింది. మా తెలుగు చర్చిలో పాటలు పాడే పిల్ల, నన్ను ఎరుగును. ఇంట్లోంచి మాత్రలన్నీ పట్టుకు రమ్మని పంపాను. అరగంటలో బిస్కెట్ డబ్బాతో తిరిగి వచ్చింది.

"అంకుల్, ఇది పారాసెటమాల్, ఇండియా నుంచి అమ్మ తెచ్చుకుంది. ఇది నేను ఇక్కడ కొన్న ఆర్థరైటిస్ టాబ్లెట్, ఎసిటమినోఫెన్. రెండూ డిఫరెంటే కదా? ఒకటి వర్క్ చేయకపోతే ఇంకోటి వేసుకోమన్నా."

"రెండూ ఒకటేనమ్మా. అక్కడ ఆ పేరు, ఇక్కడ ఈ పేరు."

"మరి సిరప్?"

"సిరప్‌లోనూ అదే."

ఆ పిల్ల డబ్బాలోని అట్టలన్నీ తీసి మంచం మీద పరిచింది. లెక్క వేస్తే రోజుకు ఎనిమిది గ్రాములు దాటింది, మూడు రోజులు. ఆరోగ్యంగా ఉన్నవారికే నాలుగు గ్రాములు హద్దు.

అట్టలు తీసుకెళ్ళి కెల్లర్ ముందు పెట్టాను. పురుగుమందు పరీక్ష ఫలితం వచ్చాక చూద్దాం అన్నాడు. ఆ పరీక్ష బయటి ల్యాబ్‌కు వెళ్ళింది, రావడానికి రోజులు పడుతుంది. లివర్ అంతదాకా ఆగదు. నేను విషాల సమాచార కేంద్రానికి ఫోన్ చేశాను. ఏ ఆస్పత్రి వాళ్ళయినా చేయవచ్చు, అడిగితే విషవైద్య నిపుణులు మాట్లాడతారు. నిపుణురాలు రెండు ప్రశ్నలు అడిగింది: ఎన్ని రోజులు, ఎంజైములు ఎంత. తరువాత కెల్లర్‌ను లైన్లోకి పిలవమంది. ఆవిడ ఏమందో వినలేదు. ఫోన్ పెట్టేసి ఆయన నాతో అన్నది మాత్రం ఇది: "ఎసిటైల్‌సిస్టీన్ ఎంత త్వరగా కలపగలవు, ఫార్మసీ?"

ఎసిటమినోఫెన్‌కు విరుగుడు అదే, అప్పటికే కలిపి పెట్టాను. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే మందు. మొదటి బ్యాగు ఎక్కేసరికి ఆరయింది. ఆవిడ వచ్చి నాలుగు గంటలు.

మరునాడు ఎంజైములు వేలల్లోకి వెళ్ళాయి. రక్తం గడ్డకట్టడం మందగించింది. లివర్ మార్పిడి చేసే ఆస్పత్రికి తరలించాలా అని చర్చించారు. గ్రేస్ కారిడార్‌లో నన్ను పట్టుకుని, నా వల్లే కదా అంకుల్ అని అడిగింది. కాదన్నాను. నిజం చెప్పాలంటే కొంత అవును. కానీ అట్టల మీద రెండు పేర్లు రాసినవారిదీ, అడగని దుబాసీదీ, గ్రాఫ్ తీసినవాడిదీ వాటా ఆ పిల్ల ఒక్కతే ఎందుకు మోయాలి? మూడో రోజు ఎంజైములు దిగడం మొదలైంది. సువార్తమ్మ బతికింది. బాప్తిస్మం మాత్రం ఆవిడ లేకుండానే జరిగింది.

తరువాత కేసు సమీక్షలో 'బృందం సకాలంలో గుర్తించింది' అని రాశారు. నాలుగు గంటలు సకాలమట! సర్టిఫికెట్ లేకుండా రోగితో మాట్లాడినందుకు నాకు రాతపూర్వక హెచ్చరిక వచ్చింది. దుబాసీకి గానీ, కెల్లర్‌కు గానీ ఏమీ రాలేదు.

ఈ కేసు నుంచి నేర్చుకున్నది ఇది. ఏం తీసుకున్నారు, ఎప్పటి నుంచి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు వచ్చేదాకా గ్రాఫ్ తీయకూడదు. మాత్రల అట్టలు కళ్ళతో చూడాలి. రోగి వాడిన మాటను ఆ మాటగానే చార్టులో రాసి, పక్కన అనువాదం రాయాలి.

మూడు ఉత్తరాల్లోనూ కమిటీని కోరింది ఒక్కటే: మొదట రోగి వివరాలు రాసుకునే ఫారంలో ఎసిటమినోఫెన్ పక్కన పారాసెటమాల్ అన్న పేరు చేర్చండి. ఒక్క పదం. ఆ కమిటీలో ఇప్పుడు ఎవరు కూర్చున్నా సరే, నా కృషికి ధన్యవాదాలు అక్కర్లేదు. చేర్చారా, లేదా? చేర్చకపోతే ఎవరు వద్దన్నారు? పేరు రాసి, సంతకం పెట్టి జవాబివ్వండి.