నీళ్లలో మునిగిన కరివేప వేరు

ఇది రాయకుండా ఊరుకుంటే, మా నాంపల్లి డాబా మీద కరివేప మొక్క చచ్చిందని ఓనరమ్మ అన్న మాటే నిజమై నిలిచిపోతుంది. ఆ మాట తప్పు. అందుకే రాస్తున్నాను.

వారమంతా వాన. డాబా మీద నీళ్లు పోయే తూముకు అడ్డంగా ఓనరమ్మే పాత పరుపు పడేసింది. నూనె డబ్బాలోని నా మొక్క వేర్లు నీళ్లలోనే నానాయి. ఆకులన్నీ రాలిపోయాయి.

"గది సచ్చింది అక్కా. దోమలైతున్నయ్. చెత్త బండిల ఏసేస్త," అంది ఓనరమ్మ.

"ముందు నీ పరుపు తియ్యి. రేపటి దాంక ఆగు."

"ఆగితే ఏమైతది, లేచి కూసుంటదా?"

నేను కాలేజీ మెట్లెక్కలేదు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకుని, మిగతా రోజులు లైబ్రరీలో చదివి నేర్చుకున్నదాన్ని. ఆకును చూసి వేరు సంగతి తేల్చకూడదని మాత్రం తెలుసు. వెంటనే లైబ్రరీకి పోయాను. మనుషులు టీకి పోతే కుర్చీల్లో వాళ్ల సంచులు కూర్చున్నాయి.

"ఆంటీ, గది మా దోస్తు సీటు. మీరు ఏ పోస్టుకు ప్రిపేరైతున్రు?" అంది పక్క కుర్చీ పిల్ల.

"కరివేపాకు పోస్టుకు బిడ్డా."

అందరూ నవ్వారు. ఉద్యోగం కోసం కాని చదువు చదువు కాదా? ఒళ్లు మండింది. మొక్కల పుస్తకం తీసి నిలబడే చదివాను. కాసేపటికి ఆ పిల్లే సంచి జరిపింది.

వేరు కణంలో రిక్తిక అనే పెద్ద తిత్తి ఉంటుంది. అందులో ఆమ్లం నిల్వ ఉంటుంది. అది బయటికి కారితే కణానికి చావే. అందుకే పొరలోని పంపులు ఆమ్లాన్ని లోపలికి తోస్తూనే ఉంటాయి. నీటిలో గాలాడక, వాటిని నడిపే ఏటీపీ అనే ఇంధనం కరువైతే, రెండో రకం పంపు ఆదుకుంటుంది. కణం పనులు చేసుకుంటుంటే మిగిలే పైరోఫాస్ఫేట్ అనే పదార్థంతో అది నడుస్తుంది. మా వీధి ఫర్నిచర్ దుకాణాల్లో రాలిన రంపపు పొట్టుతో పొయ్యి వెలిగించుకున్నట్టు. ఎంతకాలం నడుస్తుందో పుస్తకం చెప్పలేదు. కానీ వేరు అంత తేలిగ్గా ఓడిపోదు.

తిరిగొచ్చేసరికి డబ్బా బోర్లించి ఉంది. చీకటి పడేదాకా కూడా ఆగలేదు! మొక్కను చేతిలోకి తీసుకున్నాను. చాలా వేర్లు నల్లబడి జారిపోయాయి. మొదలు దగ్గర మాత్రం కొన్ని తెల్లగా, గట్టిగా ఉన్నాయి. వాటిని ఓనరమ్మ ముందు పెట్టాను.

"ఇది సచ్చిందా? చూసి చెప్పు."

"ఏందక్కా, మొక్క కోసం గింత లొల్లా?"

"ఔ, లొల్లే."

కుళ్లినవి కోసేసి, ఇసుక కలిపిన మట్టిలో, చెక్కపెట్టెలో నాటాను. వానలు తగ్గాక మొదలు దగ్గర చిగురు వేసింది.

పేర్లు రాస్తే వద్దంటారు గనుక పేర్లు లేకుండానే దండాలు: చెక్కపెట్టె ఇచ్చిన ఫర్నిచర్ దుకాణం భాయికి, అట్టలూడిన పుస్తకాలు నాకోసం దాచిపెట్టే ఫుట్‌పాత్ అన్నకు, చోటిచ్చిన ఆ పిల్లకు. ఓనరమ్మకు మాత్రం దండం పెట్టను.