పిట్టకు పెట్టిన రోజు

బాపు పోయిన మూడో రోజు పొద్దున, బోధన్ బయట కాలువ గట్టున, ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరాకులో పెట్టి నిలబడ్డాం. పిట్టకు పెట్టడం అంటారు మా వైపు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషికి కోరికలేమీ మిగల్లేదని లెక్క. రాకపోతే బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటివ్వాలి.

కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి.

"పొలం అమ్మే జోలికి పోను బాపూ, నీ మీదొట్టు" అన్నాడు అన్న. ఒక్కటీ కదల్లేదు.

చిన్నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. మా అన్న పానమంత నీ మిషిన్ మీదనే ఉండె. పూర్తి చేస్త అను."

ఆ మిషిన్ స్పెక్ట్రోగ్రాఫ్. కొండ మీద కడుతున్న పెద్ద దూరదర్శిని పట్టిన నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసి, ఆ నక్షత్రంలో ఏముందో చెప్పే పెట్టె. దూరదర్శిని తిరిగినప్పుడు పెట్టె వెంట్రుకవాసి వంగినా రంగుల్లోని గీతలు పక్కకు జరిగిపోతాయి. అది వంగకుండా డిజైన్ చేయడంలోనే నా వయసు కరిగింది. బాపు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చెరకు రసాన్ని గాజు మీద వేసి, వెలుగు ఎంత వంగిందో చూసి తీపి ఎంతో చెప్పేవాడు. ఇంట్లో నా పని గురించి అడిగింది ఆయనొక్కడే. "మొదటి సుక్క ఎలుగు నాకు సూపెట్టాలె" అనేవాడు.

ముందురోజే ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. దూరదర్శిని స్పెక్ట్రోగ్రాఫ్ లేకుండానే మొదలవుతుందట. నా డిజైన్‌ను 'ప్రస్తుతానికి' పక్కన పెట్టారట. ఆ మాట సంగతి నాకు తెలుసు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు బాపుకూ అదే చెప్పారు. ప్రతి ఎలక్షన్‌కూ ఎవరో ఒకరు తెరిపిస్తామని చెప్పి పోయేవారు. బాపు డ్యూటీ అంగీ ఇస్త్రీ చేయించి పెట్టుకునేవాడు.

"పనే ఆగిపోయింది చిన్నాయనా. ఏమని చెప్పాలె?"

"ఉత్తగనే చెప్పు. కాకికేం ఎరుక?"

"చెప్పేది కాకికి కాదు గద."

"నోరు సూడు దీనిది! ఈడ గూడ పంచాయితేనా?"

"బాపు బతికినన్ని దినాలు అందరు గట్లనే ఉత్త మాటలు చెప్పిండ్రు. నేను గూడ చెప్పాల్నా?"

"ఒక్క మాటనే చెల్లె" అన్నాడు అన్న. "ఎండెక్కుతుంది."

ఆకు ముందు కూర్చున్నాను. "బాపూ, ఆ మిషిన్ కట్టరట. నువ్వు ఎదురు సూడకు" అన్నాను.

కాకి రాలేదు. చివరికి చిన్నాయన ఆ ఆకును తీసుకెళ్లి గట్టు కింద మేస్తున్న ఆవు ముందు పెట్టాడు. కాలువలో మునిగి, తడిబట్టలతో ఇంటికి నడిచాం.

"బాపు ఉపాసమే పోయిండు, నీ వల్ల" అంటాడు అన్న ఇప్పటికీ.