తప్పు రాసి, మళ్ళా వచ్చి దిద్దిన అమ్మ

నా పేరు ఉరుకుందమ్మ. వయసు డెబ్బై రెండని కార్డులో ఉండాది. అది రాసినాయప్ప నా తలకాయ చూసి వేసినాడు, నన్ను అడిగి కాదు. మాది కోసిగి పక్కన చిన్న పల్లె. పెనిమిటి పోయి చాన్నాళ్ళాయ. ఇంట్లో నేనూ రెండు మేకలూ. చదువు రాదు, సంతకం రాదు, నోరు మాత్రం ఉండాది. నేను చెప్తాంటే రాస్తాండేది మా ఎదురింటి సరోజ, ఆదోనిలో డిగ్రీ చదువుతాండాది. చెప్పింది చెప్పినట్ల రాయమన్నాను, సొంత కవిత్వం కలిపితే వేలు విరుస్తానన్నాను. అది కూడా రాసింది చూడండి.

మొన్న పొద్దున విత్తనానికి వేరుశనగ బుడ్డలు ఒలుస్తా కూర్చోనుంటే సరోజ ఫోను పట్టుకొని వచ్చింది. "అవ్వా, మన యూనివర్సిటీ అమ్మ పోయిందంట" అనింది. "ఏ అమ్మ?" అన్నాను, తెలిసి తెలిసీ. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయె. ఆయమ్మతో పనిచేసే సారు ఫోనులోనే ఉండాడు. ఆయమ్మ పేరు మీద జ్ఞాపకాల పుస్తకం వేస్తాండారంట. నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నాడు. "ఆమె చేసిన సర్వేల్లో ఒక్క తప్పు కూడా ఉండేది కాదు, అది చెప్పండవ్వా" అన్నాడు.

"నీకెవరు చెప్పినారప్పా? మా ఊర్లో రాసింది శుద్ధ తప్పు" అన్నాను.

ఏడుపు వచ్చేలోగా నాకు నవ్వొచ్చె. ఆయమ్మ విని ఉంటే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుండును. అందుకే ఈ మాటలు చెప్తాండాను. ఆ తప్పు లేదని పుస్తకంలో అచ్చయితే, ఆయమ్మ చేసిన అసలు పని మరుగున పడిపోతాది. నేనుండగా అట్ల పోనీను.

ఆయమ్మ మొదటిసారి మా ఊరికి వచ్చి ఏడేళ్ళు. అప్పుడు సుగ్గి కాలం. పని కోసం ఊరిడిసి దూరం పోయేదాన్ని మా పక్క సుగ్గి అంటాము. దీపావళి దాటితే టెంపోలు వస్తాయి. మనుషుల్నీ గిన్నెల్నీ ఎక్కించుకొని గుంటూరు పక్క మిరప చేన్లకు పోతాయి. మళ్ళా ఉగాదికే రావడం. ఊర్లో మిగిలేది ముసలోళ్ళు, మంచం పట్టినోళ్ళు, కుక్కలు. పిల్లోళ్ళను చూసుకునే అవ్వ ఉంటే వాళ్ళు బడికి పోతారు, లేకుంటే వాళ్ళూ చేన్లకే. మా ఈదిలో నాలుగిండ్లోళ్ళకు అవ్వలు లేరు. ఆ నాలుగిండ్ల పిల్లోళ్ళు తొమ్మండుగురూ నా దగ్గరే తినేది, నా దగ్గరే పండుకునేది.

ఒక మధ్యాన్నం, పిల్లోళ్ళు బళ్ళో ఉన్నప్పుడు, ఆయమ్మ వచ్చింది. యెమ్మిగనూరు నూలు చీర, భుజాన సంచి, కొప్పులో గుచ్చిన పెన్ను.

"అవ్వా, నేను యూనివర్సిటీ నుంచి వచ్చినాను. సుగ్గికి పోయినోళ్ళ ఊర్లల్లో ఎవరు ఎవర్ని చూసుకుంటాండారో తెలుసుకోవాల" అనింది.

"తెలుసుకొని?"

"రాస్తాను."

"రాసి?"

"నలుగురికీ చూపిస్తాను."

"చూపిస్తే ఏమయితాది?"

"అది నాకూ తెలీదవ్వా" అనింది.

ఆ మాటకు పీట వేసినాను. అంతకు ముందు వచ్చినోళ్ళంతా రోడ్డు వేస్తాము, ట్యాంకు కడతాము అనినోళ్ళే. నాకు తెలీదు అన్న చదువుకున్న మనిషిని చూడ్డం నాకు అదే మొదలు.

ఇంక అడగడం మొదలుపెట్టె. "మీ ఇంట్లో ఎంతమందవ్వా?"

"పదిమంది" అన్నాను, రొమ్ము విరుచుకొని.

"అందరూ నీకేమైతారు?"

"మనవళ్ళు, మనవరాళ్ళు."

"అందరూ ఒకే పొయ్యి మీద తింటారా?"

"నా పొయ్యి కాక ఈ ఈదిలో ఇంకే పొయ్యి మండుతాందమ్మా?"

వాళ్ళ లెక్కలో ఒక పొయ్యి మీద వండుకొని తినేవాళ్ళంతా ఒక ఇల్లంట. రాసుకునె. ఎదురు వరసలో నాలుగిండ్లకు తాళాలు. "వీళ్ళు?" అనింది. "సుగ్గికి పోయినారు" అన్నాను. "ఎవరన్నా మిగిలినారా?" "ఎవరూ లేరు, తాళం కనపడ్లా?" అన్నాను. పిల్లోళ్ళ సంగతి అడుగుతాందని నాకు తోచనే లేదు. నా పొయ్యి మీద తిన్నాక వాళ్ళు నావాళ్ళే కదా, ఇంకో ఇంటోళ్ళు ఎట్లయితారు?

తప్పు ఆడ జరిగింది. జరిగినట్టు ఆ పొద్దు మా ఇద్దరికీ తెలీదు.

ఆ తర్వాత నెలకు రెండు తూర్లు వచ్చేది. ఆదోని బస్టాండు కాడ బొరుగుల ఉగ్గాని పొట్లాలు కట్టించుకొని వచ్చేది పిల్లోళ్ళకు. చెప్పులు ఎవరింటి ముందర ఇడిసిందో మరిచిపోయి ఉత్త కాళ్ళతో తిరిగేది. పెన్ను కొప్పులో పెట్టుకొని ఈదంతా పెన్ను వెతికేది. తల మీదనే ఉండాదని మేమెవరమూ చెప్పేవాళ్ళం కాదు, ఎంతసేపు వెతుకుతాదో చూద్దామని. పక్కీది బజారమ్మ, మంచం పట్టిన వాళ్ళత్తకు నీళ్ళు పోసేటప్పుడు ఆయమ్మ ఒక పక్క పట్టుకునేది. "అది కూడా రాసుకుంటావామ్మా?" అంటే, "రాసుకుంటాను, నడుము నాకు కూడా నొప్పి పుట్టింది కదా" అనేది. యెమ్మిగనూరులో నేతోళ్ళ ఇంట్లో పుట్టిందంట. వాళ్ళమ్మ పొద్దంతా కండెలు చుట్టేదంట. ఎవరన్నా అడిగితే నేనేం పని చేయనమ్మా, ఇంట్లోనే ఉంటాను అనేదంట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయమ్మ నవ్వేది కాదు.

మరుసటేడు దీపావళి ముందర నా కుడి చెయ్యి విరిగె. మేక గుంజితే బండ మీద పడినాను. కట్టు కట్టినారు. తొమ్మండుగురికి వండే చెయ్యి అది. సరోజ వాళ్ళ నాయన తిమ్మప్ప వచ్చి కూర్చొని, నేల గీకుతా, "ఏం చేద్దామత్తా, ఈ తూరి పిల్లోళ్ళను మాతోనే తీసకపోతాము" అన్నాడు. సరోజ అప్పుడు ఎనిమిదో తరగతి. గుడ్డల మూట తెచ్చి మా మేకల కొట్టంలో దాచిపెట్టింది. "ఏమ్మే ఇది?" అంటే, "మూట లేకుంటే నన్నెట్ల టెంపో ఎక్కిస్తారవ్వా" అనింది.

సుగ్గికి పోయినోళ్ళ పిల్లోళ్ళు బళ్ళోనే ఉండి తినేట్ల హాస్టలు తెరుస్తాండారని విన్నాము. పక్కూరికి వచ్చె, మాకు రాలేదు. ఎందుకప్పా అని తిమ్మప్ప కనుక్కుంటే, మీ ఊర్లో అట్లాంటి పిల్లోళ్ళే లేరు, లిస్టులో లేరు అన్నారంట. ఆ లిస్టు ఎవరిదో మాకు తెలీదు.

ఆ వారంలోనే ఆయమ్మ వచ్చింది, రాసిందంతా మాకు చదివి వినిపిద్దామని. అది ఆయమ్మ పద్ధతి. పుస్తకం అచ్చుకు పోయే ముందు, ఎవరి మాటలు రాసిందో వాళ్ళ ముందర కూర్చొని చదివేది. "చేతిరాత నాది, మాట నీది. నీ మాట నీకు వినిపించకుండా నేను తీసకపోను" అనేది. బడి అరుగు మీద అందరం చేరినాము. మా మాటలు ఆయమ్మ నోట్లో వింటాంటే ఒకటే నవ్వులు. నేను తిట్టిన తిట్లు ఒకటీ ఇడవకుండా రాసింది. బజారమ్మ ఏమో "మా అత్తను నేను ముసల్దీ అనలేదు" అని కొట్లాటకు దిగె. అంటివా లేదా అని అందరం మీద పడితే, "అన్నాను గానీ అచ్చేస్తారనుకోలేదు" అనె.

అంతలో ఆయమ్మ ఒక కాగితం తీసి చదివె. "ఉరుకుందమ్మ ఇల్లు. మనుషులు పదిమంది. ఎదురు వరస నాలుగిండ్లు, తాళం. ఎవరూ లేరు."

సరోజ లేచి నిలబడె. "అదే మా ఇల్లు మేడం. ఇంటికి తాళం వేస్తే నేను లేనట్టా?"

ఆయమ్మ కాగితం దిక్కు చూసె. సరోజ దిక్కు చూసె. నా దిక్కు తిరిగి, "అవ్వా, వీళ్ళు నీ మనవళ్ళన్నావు కదా?"

"అవును, మనవళ్ళే."

"నీ కొడుకు పిల్లోళ్ళా, కూతురు పిల్లోళ్ళా?"

"నాకు కొడుకులూ కూతుర్లూ పుట్టింటే కదమ్మా!"

ఆయమ్మ రెండు చేతులా తల పట్టుకొని నవ్వింది. నవ్వుతాంటేనే కండ్లల్లో నీళ్ళు తిరిగె. "హాస్టలు రాకపోయింది నా లిస్టు వల్లనేనవ్వా. అందర్నీ నీ మనవళ్ళని రాస్తే, సుగ్గికి పోయినోళ్ళ పిల్లోళ్ళల్లో అవ్వ లేనోళ్ళే లేరని లెక్క తేలింది. ఆదోనిలో హాస్టళ్ళ ఆఫీసోళ్ళు తొందర పెట్టినారని ఈ ఒక్క కాగితం మీకు చదివి వినిపించకుండా ముందే ఇచ్చేసినాను" అనింది. ఇంకొకరైతే ఆ మాట మింగేసి రైలెక్కి పోయుండును. ఎవరికి తెలుస్తాది? తిమ్మప్పకు తెలుస్తాదా, నాకు తెలుస్తాదా?

ఆ అరుగు మీదనే కొత్త కాగితం తీసె. ఎవరింటి బిడ్డ, అది ఒక ప్రశ్న. యాడ తింటాండాది, అది ఇంకో ప్రశ్న. రెండూ వేరు వేరుగా రాసె. మా ఊరితో ఊరుకోలేదు. అంతకు ముందు తిరిగిన ఊర్లన్నీ మళ్ళా తిరిగె. ప్రతి ఊర్లోనూ నా అట్లాంటి ముసల్ది ఒకత్తి ఉండాదంట, రొమ్ము విరుచుకొని అందరూ నా మనవళ్ళే అని చెప్పింది.

తర్వాత నన్ను వెంటబెట్టుకొని ఆదోనికి పోయింది. కోసిగిలో రైలెక్కినాము, నా చెయ్యి మెడకు కట్టుకొనే. ఆఫీసులో కుర్చీలో ఉన్నాయప్ప మంచోడే గానీ భయస్తుడు. "లిస్టు పైకి పోయింది మేడం. సంతకం మీదే కదా" అన్నాడు.

"నాదే. ఆ లిస్టు తప్పు. ఇదీ సరైంది."

"మీరే తప్పంటే మీ పేరేం కావాల? వచ్చే ఏడు చూద్దాంలెండి."

"వచ్చే ఏడుకు నా పేరు యాడికీ పోదు. పిల్లోళ్ళు పోతారు, వచ్చే వారమే" అనింది.

నాకు పాపమనిపించి, "తప్పు ఆయమ్మది కాదప్పా, మనవళ్ళని చెప్పింది నేను" అన్నాను.

"నువ్వుండవ్వా, అడిగింది నేను."

"చెప్పింది నేను కదమ్మే!"

"సరిగ్గా అడగడం రానిది నేను."

ఇట్ల ఇద్దరం ఆయప్ప బల్ల ముందరే గొంతులు లేపితే పక్క గదిలోనోళ్ళు వచ్చి తొంగి చూసిరి. "మీరిద్దరూ బయట తేల్చుకొని రాండి" అన్నాడు. "తేల్చుకునేదేం లేదు, సంతకం పెట్టు. నాకు రాదు గనక ఊరుకున్నాను. నీకు వస్తాది కదా, వచ్చినోడు పెట్టాల" అన్నాను. ఆయప్ప నా చేతికట్టు దిక్కు చూసి నవ్వి, ఫైలు తెప్పించినాడు. ఒక్క పొద్దులో అయిపోయిందని అబద్ధం చెప్పను. మూడు తూర్లు పోయినాము. మూడు తూర్లూ ఆయమ్మ ఆ కాగితం పైన "నేను తప్పు రాసినాను" అనే రాయించింది, ఇంకో మాట కలపనీలేదు.

టెంపోలు వచ్చే ముందురోజు బళ్ళో రెండు గదులు తెరిచినారు. తెల్లారి టెంపో కదిలితే పిల్లోళ్ళు బడి గోడెక్కి చేతులు ఊపినారు. తిమ్మప్ప టెంపోలో నుంచి, "సరోజా, అవ్వ మాట ఇను!" అని అరిచినాడు. సరోజ వచ్చి కొట్టంలో మూట తీసుకుంటే, మేక అప్పటికే ఒక రవిక చెయ్యి నమిలేసుండాది. ఆ పిల్ల ఆ రవికే వేసుకొని బడికి పోయింది, ఒక చెయ్యి పొడుగు ఒక చెయ్యి పొట్టి. ఇది రాయనంటాండాది ఇప్పుడు. రాయే.

ఈ కతంతా ఆయమ్మ తన పుస్తకంలో వేసింది. ఈ సారు అది చదవలేదో, పోయినోళ్ళ తప్పు ఎత్తకూడదనుకున్నాడో. యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు ఇదే చెప్పేదంట, నా పేరు పెట్టి. "ఏమని చెప్తావు, ముసల్ది అబద్ధమాడిందనా?" అని అడిగినాను ఒకసారి.

"నువ్వు నిజమే చెప్పినావవ్వా. నా ప్రశ్న చిన్నదైపోయింది" అనింది.

సారూ, పుస్తకంలో వేస్తే ఆ మాట వేయండి. తప్పు చేయని మనిషని వేయొద్దు. మా తొమ్మండుగురూ ఊర్లో నిలబడింది ఆయమ్మ తప్పు ఒప్పుకుంటేనే.

ఆఖరుగా పోయిన సుగ్గికి వచ్చింది. మందులకు జుట్టంతా రాలిపోతే తలకు గుడ్డ కట్టుకోనుండె. "ఇప్పుడు పెన్ను యాడ పెడతావే?" అన్నాను. చెవి మీద పెట్టుకొని చూపించె. మేమంతా దిగులు పడతామేమోనని, బడి వెనక పొయ్యి కాడ కూర్చొని ఈ పొద్దు రొట్టెలు నేనే చేస్తానని పట్టు పట్టె. జొన్నపిండి ఆయమ్మ చేతికి లొంగితే కదా. ఒకటి పెనం మీదికి పోక ముందే పగిలె, ఒకదానికి తోక మొలిచె. పిల్లోళ్ళు చుట్టూ చేరి, "ఇది బల్లి మేడం", "ఇది మా హెడ్మాస్టరు చెవి" అని పేర్లు పెట్టి, అవే కావాలని కొట్లాడి తినిరి. గుండ్రంగా నేను చేసిన రొట్టెల దిక్కు ఒక్కరు చూస్తే ఒట్టు. ఇంకో ముద్ద చేతిలోకి తీసుకొని, పొగకు కండ్లు నలుపుకుంటా, ముక్కు మీద పిండి అట్లనే ఉండగా, "గమ్మునుండండి, గమ్మునుండండి, ఇది చూడవ్వా, ఇది గుండ్రంగా వస్తాండాది" అంటాండాది.

ఉరుకుందమ్మ ఎడమచేతి బొటనవేలి నిశాని.

చెప్తాంటే విని, వేలు వేస్తాంటే చూసినోళ్ళు: బజారమ్మ, తిమ్మప్ప.
రాసింది: తిమ్మప్ప కూతురు సరోజ.